మోకాలడ్డు

"నా కాలు చూడండి, కాలు!" అని అరిచాడు వీబ్రెన్.

నాలుగు వరసల అవతల ఒకాయనకి అది "కాల్చేస్తాను" అని వినబడింది. "కాల్చేస్తాడట!" అంటూ ఆయన తల కిందికి దూర్చాడు. ఆయన్ని చూసి చుట్టుపక్కలవాళ్ళూ వంగారు. వంగనిది వీబ్రెన్ ఒక్కడే. వంగడానికి చోటేదీ? రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్ల మనిషి. విమానం ఆమ్‌స్టర్‌డామ్‌లో లేచినప్పటి నుంచీ అతని మోకాళ్ళు రెండూ ముందు సీటు వీపులో దిగబడి ఉన్నాయి.

ఎయిర్ హోస్టెస్ మార్లూస్ పరిగెత్తుకొచ్చింది. "తుపాకీ ఎవరి దగ్గరుంది?"

"తుపాకీ లేదండీ, తుంటి నుంచి మడమ దాకా ఒట్టి కాలే. ఆపరేషనై నెల కూడా కాలేదు. ఈవిడేమో సీటు నా మీదికి వాల్చేస్తోంది. ఈ మోకాలు మళ్ళీ విరిగితే ఇక జన్మంతా కర్రే గతి!"

ముందు సీటావిడ వెనక్కి తిరక్కుండానే అందుకుంది. "నా సీటు, నా మీట! ఎంత నొక్కినా వాలదేం? ఈయన మోకాలడ్డుతున్నాడు!"

"నేను అడ్డడమేంటి మేడమ్? మోకాలు దాని చోట అదుంది. మీరే దానికి సీటు అడ్డుతున్నారు."

"నాకు నడుం నొప్పి. నిన్నా మొన్నటిది కాదు, నలభై ఏళ్ళది. కానరీ దీవుల దాకా ఇలా నిటారుగా కూర్చుంటే నన్ను మోసుకుని దింపాల్సిందే."

"నలభై ఏళ్ళు ఓర్చుకున్నవాళ్ళకి ఇంకో మూడు గంటలు బరువా?" అన్నాడు వీబ్రెన్. అతనికీ నలభయ్యే. ఓపిక మాత్రం నాలుగేళ్ళ వాడిది.

ఆవిడ మీట నొక్కిపట్టి వీపుతో సీటుని ఒక్క గుద్దు గుద్దింది. వీబ్రెన్ కాఫీ ఒళ్ళో ఒలికింది. అతను మంచి మోకాలితో ఎదురు పొడిచాడు. ఆవిడ బ్రెడ్డు మీది చీజు ముక్క ఎగిరి ఆవిడ కళ్ళజోడుకే అతుక్కుంది.

"పొడుగు మనిషివే అనుకున్నాను, పొడిచే మనిషివి కూడానా!" అంది ఆవిడ. మర్యాద అప్పటికే విమానంలోంచి దూకేసింది.

"పొట్టి బుద్ధి కంటే పొడుగు కాళ్ళు నయం."

"గడ్డకట్టిన కాలవ కనబడగానే స్కేట్లు కట్టుకుని ఎగిరి ఉంటావు. విరక్క ఏమవుతుంది? ఇంట్లోవాళ్ళు వద్దనే అని ఉంటారు."

"వద్దనడం తప్ప మా ఇంట్లోవాళ్ళకి ఇంకో ముక్క రాదు."

"ఏ తల్లి కన్నదో, పాపం!"

"ఆ తల్లి మీకంటే గొప్పదేం కాదు. జాలిపడకండి."

మార్లూస్ చుట్టూ చూసింది. "ఎవరైనా సీటు మారతారా?"

విమానంలో సగం మంది పొడుగుకి పేరుపడ్డ ఫ్రీస్‌లాండ్ వాళ్ళే. ఎవరి మోకాలు చూసినా ముందువాళ్ళ వీపులోనే ఉంది. తలుపు పక్కన కాళ్ళు బార్లా చాపుకున్న ముగ్గురూ మాత్రం ఎప్పుడూ చూడనట్టు మబ్బుల్ని చూడసాగారు.

ఆవిడ పక్కన, కిటికీ దగ్గర, ఆవిడ భర్త డౌవె గళ్ళ నుడికట్టు నింపుకుంటున్నాడు.

"మీరైనా చెప్పండి ఈవిడకి!" అన్నాడు వీబ్రెన్.

"నాకు ఇద్దరూ ఒకటే నాయనా," అన్నాడు డౌవె తలెత్తకుండా.

"ఒకటెలా అవుతారు? నువ్వు నా మొగుడివి! నా తరఫున మాట్లాడు!"

"ఏ తరఫున మాట్లాడినా తద్దినం నాకే."

మార్లూస్ మళ్ళీ బతిమాలింది. "ఒకరు కాస్త తగ్గండి."

"నా కాళ్ళెంత పొడుగైనా కాళ్ళబేరానికి మాత్రం రాను," అన్నాడు వీబ్రెన్.

"నేనూ వాలితే వెనక్కే వాలతాను. ఒకరి ముందు వాలను!" అంది ఆవిడ.

మార్లూస్ నవ్వు ఆవిరైపోయింది. "సరే. ఇంకొక్క మాట లేచిందా, పైలట్‌కి చెప్తాను. దిగగానే ఇద్దర్నీ పోలీసులు పట్టుకెళ్తారు. సముద్రం మొహమైనా చూడకుండా వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది."

"పట్టుకెళ్ళమనండి!" అన్నారిద్దరూ ఒక్కసారే.

డౌవె పెన్ను కింద పెట్టాడు. మార్లూస్‌ని దగ్గరికి రమ్మని, చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నోరు తెరిచి ఆవిణ్ణి చూసింది, వెనకున్న వీబ్రెన్‌ని చూసింది. గబగబా వెనక్కి వెళ్ళి ఆపిల్ కేకు ముక్క పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఈ రోజుతో ఈవిడకి డెబ్బై నిండాయట!"

అంతే, ఇంతసేపూ ఇద్దర్నీ తిట్టుకుంటున్న జనం గొంతెత్తి పాట అందుకున్నారు. పుట్టినరోజంటే ఈ జనానికి పగ కూడా గుర్తుండదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది. చీజు ఎప్పుడో పోయింది, అయినా తుడుస్తూనే ఉంది. వీబ్రెన్ మాత్రం పాడలేదు.

పుట్టినరోజు ఒకరిదైనా, పక్కనున్న సొంతవాళ్ళందరితోనూ చెయ్యి కలపకపోతే డచ్చివాళ్ళలో తప్పు. మార్లూస్ ముందు డౌవె చెయ్యి పట్టుకుంది. "మీ ఆవిడ పుట్టినరోజుకి మీకు శుభాకాంక్షలు."

తరవాత వెనక వరసకి తిరిగి, కాఫీతో తడిసిన వీబ్రెన్ చెయ్యి పట్టుకుని, విమానమంతా వినబడేలా అంది:

"మీ అమ్మగారి పుట్టినరోజుకి మీకూ శుభాకాంక్షలు."