మిగతా సగం

“ఇదేంటి, బస్తా సగమే ఉంది?”

నర్సమ్మ గద్దింపుకి సైకిల్ మనిషి తడబడ్డాడు.

“ఈసారి బస్తా పెద్దది, బరువెక్కువండీ. గుట్ట ఎక్కుతుంటే సైకిల్ వెనక్కి లాగేస్తోంది. మిగతా సగం వచ్చే ఆదివారం తెచ్చిస్తా.”

“మూతి ఎవరు విప్పారు?”

“నేనేనండీ.”

“డెలివరీ అయిపోయిందని శుక్రవారమే మెసేజ్ వచ్చింది. ఈ రెండ్రోజులూ ఎక్కడ పెట్టావ్?”

“నా గదిలోనండీ.”

ఇంత తేలిగ్గా దొరికిపోయే దొంగని ఆమె ఎక్కడా చూడలేదు.

ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, గుట్ట మీది ఈ ఊరికి వచ్చి పడింది. నా అన్నవాళ్ళు లేరు. తోడున్నది ఒక్క కుక్క. దాన్ని ‘ముసలాయన’ అంటుంది. పొద్దున్న లేస్తే ఆమె మాట్లాడేదీ, పోట్లాడేదీ ముసలాయనతోనే.

ఆయనగారి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఈ బస్తాలో తిండి తప్ప మరేం పెట్టినా దక్కడని పశువుల డాక్టరు తేల్చి చెప్పాడు.

ముసలాయన తోకాడిస్తూ వచ్చి సైకిల్ మనిషి చెయ్యి నాకాడు.

“కాస్త తేరుకున్నాడాండీ?”

“నీకెందుకు? పద, పద.”

తలుపేసుకుని కంపెనీకి ఫోన్ చేసింది. పార్సిల్ విప్పి సగం కాజేశాడని కడిగి పారేసింది.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారమూ అంతే.

తిండి డబ్బా అడుగంటింది. నర్సమ్మ మోకాళ్ళు పట్టుకుని గుట్ట దిగి, బస్సెక్కి, పార్సిల్ ఆఫీసుకి వెళ్ళింది.

“నా సామాను మిగతా సగం రాలేదు. కొత్త డెలివరీ మనిషిని ఎప్పుడు పంపుతారు?”

గుమాస్తా తలెత్తాడు.

“మీ ఊరికి డెలివరీ ఎప్పుడూ లేదమ్మా. ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. వారంలో రాకపోతే వెనక్కి పంపేస్తాం.”

“మరి రెండేళ్ళుగా నాకు తెచ్చిస్తున్నతను?”

గుమాస్తా ఆమెని వింతగా చూశాడు.

“మా వాచ్‌మన్ కదమ్మా! ఆదివారం ఒక్కరోజే అతనికి సెలవు.”

లోపలికెళ్ళి సగం బస్తా తెచ్చి బల్ల మీద పెట్టాడు. తడవకుండా ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి దారంతో కుట్టి ఉంది.

“అతని గదిలో ఉంది. పార్సిల్ విప్పడం తప్పేనని పైవాళ్ళు ఉద్యోగం తీసేశారు. అయినా మీరే కంప్లైంటిస్తారని మేమెవరం అనుకోలేదమ్మా.”

నర్సమ్మ బస్తా కుట్టు మీద చెయ్యేసి నిలబడిపోయింది. ఏడుపొచ్చింది.

“ఇప్పుడెక్కడున్నాడు బాబూ?”

“అదేంటి? మీ ఇంటికే వచ్చుంటాడనుకున్నామే!”

“మా ఇంటికి ఎందుకొస్తాడు?”

“అసలు పరాయివాళ్ళకి మేం పార్సిల్ ఇవ్వమమ్మా, సొంతవాళ్ళకే ఇస్తాం,” అంటూ గుమాస్తా రిజిస్టర్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె పేరున్న ప్రతి వరసలోనూ, తీసుకెళ్ళినవారు ఏమవుతారు అన్న గడిలో, ‘తమ్ముడు’ అని రాసి సంతకం పెట్టాడతను.