తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపు

"మీ గ్రంథాలయం మూసేయమని మీ దగ్గర పనిచేసేవాళ్లే ఫోన్ చేశారమ్మా. గంటలో వస్తున్నాను" అన్నాడు ఆరోగ్యాధికారి.

లైబ్రేరియన్ ఫోన్ పెట్టేసింది.

ఇంకెవరు? ఊడ్చే ముసలాయనకి ఫోనే లేదు. మిగిలింది సహాయకురాలు. ఏకై వచ్చి మేకై కూర్చుందన్నమాట!

పక్క ఊళ్లో అంటుజబ్బు అని విన్న రోజు నుంచీ లైబ్రేరియన్ కంటికి కునుకు లేదు. కుర్చీలు బారెడు దూరం జరిపించింది. కిటికీలన్నీ తెరిపించింది. తిరిగొచ్చిన పుస్తకాలకి తేదీ చీటీ పెట్టి, మూడు రోజులు వెనకగదిలో ఉంచాకే బయటికి తీయించింది. ముసలి పాఠకులకి పుస్తకాలు గుమ్మంలోకే పంపింది. ఊళ్లో అన్నిటికీ తాళాలు పడ్డా, ఉద్యోగ పరీక్షకి చదివే నలభైమందికి ఈ ఒక్క తలుపే తెరిచి ఉంది. పరీక్షకి ఇంకా వారం ఉంది.

ఇవాళా అందరికంటే ముందే వచ్చింది. శాలువా కప్పుకుని, ఎవరికీ తగలకుండా కౌంటర్ వెనక కూర్చుంది. ఫినాయిలు వాసనే రావడం లేదని ముసలాయన మీద కేకలేసింది.

"రెండు మూతలు పోశానమ్మా, నా కళ్లే మండుతున్నాయి" అని గొణిగాడాయన.

ఇంతలో సహాయకురాలు వచ్చింది.

"ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఎందుకే? సెలవు కావాలంటే నేనివ్వనా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఎంతైనా తిట్టు. చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదక్కా."

సొంత చెల్లెలికన్నా ఎక్కువగా చూసుకున్న పిల్ల. పరాయివాళ్లు చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు.

అధికారి రానే వచ్చాడు. కుర్చీలు చూశాడు. వెనకగదిలోకి తొంగి చూసి, చీటీలు చదివాడు.

"ఇంత పద్ధతిగా ఎక్కడా చేయలేదమ్మా" అన్నాడు.

లైబ్రేరియన్ సహాయకురాలి వైపు చూసింది. విన్నావా అన్నట్టు.

"మరి ఎందుకు మూయమన్నావమ్మాయ్?" అధికారి సహాయకురాలిని అడిగాడు.

ఆ పిల్ల ఏడుస్తూనే లైబ్రేరియన్ బల్ల సొరుగు లాగి, మూడు రోజులుగా అక్క ఎవరూ చూడకుండా మింగుతున్న జ్వరం మాత్రల ఖాళీ అట్టలు తీసి ఆయన ముందు పెట్టింది.