సరేనమ్మ నోట రాని మాట

షట్టరు సగానికి దించి లోపలికి వంగి వస్తూ, “ఏం వదినా, గిరాకీ ఎలా ఉంది?” అని అడిగాడు మరిది.

ఇస్త్రీ బల్ల వెనక నిలబడ్డ ఆవిడ తలెత్తి చూసింది. అతని భార్యకు స్వయానా అక్క. వీధిలో అందరూ ఆవిడను సరేనమ్మ అంటారు. కాలరుకు గంజి ఎక్కువ పెట్టమన్నా సరే, సాయంత్రానికల్లా కావాలన్నా సరే, డబ్బులు రేపిస్తామన్నా సరే. ఇంకో మాట ఆ నోటికి రాదని జనం నవ్వుకుంటారు. ఆ ధీమాతోనే మరిది వచ్చాడు. భార్య ఇల్లు వదిలి వెళ్ళి వారం దాటింది. ఎక్కడ దాక్కుందో ఈవిడ ఒక్కదానికే తెలుసు. తెలుసుకున్నాక ఏం చెయ్యాలో అతను ముందే అనుకుని పెట్టుకున్నాడు.

స్టూలు లాక్కుని కూర్చుని కబుర్లలోకి దిగాడు. కలప డిపోలో పని మందగించిందన్నాడు. కొత్త మేనేజరు ప్రతిదానికీ నసపెడుతున్నాడన్నాడు. ఆవిడ కరెంటు బిల్లు సంగతి చెప్పింది, ఇస్త్రీపెట్టెలో కాయిలు మాడిపోయి కొత్తది వేయించిన సంగతి చెప్పింది. మాట మామూలుగానే ఉంది. చూపు మాత్రం సగం దించిన షట్టరు మీదే ఉంది.

బల్లకింద గోనెపట్టా మీద నల్లకుక్క ఒకటి కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది.

“దీని పేరేంటి?” అన్నాడు, ఏదో ఒకటి అడగాలని.

“దాన్ని తెచ్చుకుంటానంటే ఇంటివాళ్ళు, షాపాయన, పక్కవాళ్ళు అందరూ అడ్డం పడ్డారు. పేరు పెట్టింది కూడా వాళ్ళే అనుకో.” ఆవిడ కొంచెం నవ్వింది. “నేను పేరుపెట్టి పిలిస్తే తప్ప లేవదు. పిలవడం మానేసి చాలా రోజులైంది. పడుకోనీలే.”

ఎందుకు మానేసిందో కూడా చెప్పింది. కిందటేడు ఒకడు గల్లాపెట్టెలో చెయ్యి పెడితే బెదిరిపోయి పిలిచిందట. వాడి వేళ్ళు ఇప్పటికీ మడత పడవట. వాడు వీధిలో ఎదురైతే ఆ పూట తనకు ముద్ద దిగదట. దొంగవెధవ కోసం ఇంత బాధేమిటని మరిది పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపేశాడు.

“మీ చెల్లెలెక్కడుంది వదినా?”

“క్షేమంగా ఉంది.”

“నేనడిగింది అది కాదు.”

ఆవిడ మరో చొక్కా అందుకుంది. అతను లేచి చెంప మీద కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలి పగిలింది. పెదవి చిట్లి నెత్తురు కారింది. మరక పడకుండా ఆవిడ ముందు ఆ తెల్లచొక్కాను పక్కకు లాగింది. కుక్క కళ్ళు తెరిచి, ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

డిపోలో దుంగలు దొర్లించిన చేతులవి. ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. మణికట్టు దగ్గర ఏదో కటుక్కుమంది. ఆవిడ కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా కొరుక్కుంది. కేక బయటికి రాలేదు.

అది అతనికి నచ్చలేదు. భార్య అయితే మొదటి దెబ్బకే “వద్దు, వద్దు” అని మొదలుపెట్టేది. ఆ మాట వింటే అతనికి ఇంకా ఊపొచ్చేది.

“వద్దని అనవేం?” అన్నాడు. “ఒక్కసారి వద్దను. వదిలేస్తా.”

కుక్క చెవి ఒకటి నిక్కింది.

“ఆ మాట నాచేత అనిపించకు మరిదీ,” అంది ఆవిడ. “నీ మంచికే చెబుతున్నా. ఏమీ జరగనట్టు వెళ్ళిపో.”

“నా మంచికా? అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒళ్ళంతా పొగరే.”

ఆవిడ విరిగిన చేతిని బల్లకు అదిమిపెట్టి, కాగిన ఇస్త్రీపెట్టెను దాని మీదుగా పట్టుకున్నాడు. చేతి మీది సన్నటి వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. చెల్లెలి అడ్రసు చెప్పమన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెట్టె అంచు ఆనించాడు. చర్మం చుయ్యిమంది.

“వద్దు,” అంది ఆవిడ.

బతిమాలినట్టు లేదు. పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టుంది. అయినా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నవాడు కనుక అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. వదిలేస్తానన్నది మరిచిపోయి పెట్టెను మళ్ళీ దించబోయాడు.

అంతలోనే అతని ముంజేతిలో కోరలు దిగాయి. ఇస్త్రీపెట్టె జారి అతని పాదం మీదే పడింది. స్టూలుతో సహా నేలకు కూలాడు. కుక్క మొరగలేదు, గుర్రుమనలేదు. పట్టింది పట్టినట్టే ఉంచి తల విదిలిస్తోంది. తన ఎముక విరిగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.

“వద్దు,” అన్నాడు. “వద్దు, వద్దు, వద్దు...”

అచ్చం భార్య అన్నట్టే అన్నాడు. అన్నకొద్దీ పట్టు ఇంకా బిగిసింది.

“వదులు,” అంది ఆవిడ.

కుక్క వదిలేసి, వెళ్ళి గోనెపట్టా మీద పడుకుంది.

ఆవిడ షట్టరు పైకి తోసి, ఆంబులెన్సుకు ఫోను చెయ్యమని వీధిలోకి కేకేసింది. ఒంటిచేత్తోనే ఉతికిన తువ్వాలు ఒకటి వెతికి తెచ్చి, అతని పక్కన కూలబడి, గాయానికి అదిమి పట్టుకుంది. ఆవిడ పెదవి నెత్తురు ఇంకా ఆగలేదు.

“నీ మాట ఒక్కసారికే విందే,” అని ఏడ్చాడు మరిది. “నేనన్నిసార్లు వద్దన్నా వినదేం?”

ఆవిడ తువ్వాలు ఇంకొంచెం బిగించింది.

“దాని పేరే వద్దు.”