ఇంకా దిగని విమానం

రెండో ప్రపంచయుద్ధకాలంలో మా తాతయ్య బ్రహ్మయ్య అస్సాంలో వైర్‌లెస్ ఆపరేటరు. విమానం చైనాది, నడిపేది అమెరికావాళ్లు, కింద కూర్చుని వినేది మా తాతయ్య. "వాళ్లది విమానం, మనం వినడం మానం" అనేవాడు. విమానం దిగేదాకా కుర్చీ వదలకూడదన్నది ఆ కొలువులో కట్టుబాటు.

ఒక విమానం హిమాలయాల మీద మాయమైంది. తాతయ్య పోయేదాకా రోజూ చీకటి పడగానే ఇంట్లో దాచుకున్న టెలిగ్రాఫు మీట మీద మోర్స్ కోడ్‌లో "ఉన్నాను" అని కొట్టేవాడు. నాకు నేర్పింది ఆ మాటా, దానికి ముందొచ్చే ప్రశ్నా, అంతే.

ఆ మీట ఇప్పుడు జర్మనీలో, ఇల్మెనౌలో మా షెల్ఫులో ఉంది. దానికి తీగ లేదు. ఈ ఆదివారం టీ వేళకే చీకటి పడింది. మంచు కురుస్తుంటే వీధంతా నిశ్శబ్దం.

టక్. టక్‌టక్.

"ఏవండీ, ఆ టకటక ఆపండి! ఆదివారం చప్పుడు చెయ్యకూడదు, రూహెట్సైట్ అంటూ పైవాళ్లు దిగొస్తారు," వంటింట్లోంచి గిరిజ.

నా చేతులు రెండూ స్వెట్టరు జేబుల్లో ఉన్నాయి.

మీట దానంతటదే కదులుతోంది. "ఉన్నావా?" మళ్లీ, చలికి వేళ్లు కొంకర్లు పోయినట్టు నెమ్మదిగా, "ఉన్నావా?"

తాతయ్య పోయి ఇరవై ఏళ్లు. ఇన్నాళ్లూ ఆ విమానంలోవాళ్లకి ఎవరూ జవాబివ్వలేదు.

కుర్చీ లాక్కుని "ఉన్నాను" అని కొట్టాను.

"టీ చల్లారిపోతోంది, రారేం?"

"నువ్వు తాగెయ్యవే. వాళ్లింకా దిగలేదు."