ఆపేసిన మాత్ర

మందు వేసిన పెద్దపేగు క్యాన్సర్ కణాలు పెరగడం మానేశాయి. పెరగమని వాటికి లోలోపల అందే సంకేతాన్ని ఆ మందు అణిచేసింది. మైక్రోస్కోపు మీంచి తలెత్తగానే పరిశోధకురాలికి అక్క గుర్తొచ్చింది. అది కొత్త మందేం కాదు. బట్టలు కుట్టే అక్క మోకాలి వాపుకి ఏళ్లతరబడి మింగుతున్న మాత్రే.

సంతోషం పట్టలేక ఫోన్ చేసింది.

"అక్కా, నీ మాత్ర దెబ్బకి మా ల్యాబులో క్యాన్సర్ కణాలు తోక ముడిచాయి, తెలుసా!"

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"అయ్యో, నేను దాన్ని మానేసి చాన్నాళ్లయిందే."

"ఎందుకని?"

"దొడ్డికెళ్తే రక్తం పడేది. ఆ మాత్రల వల్లే పొట్టలో పుండు పడుంటుందని డాక్టరుగారన్నారు. నీకు చెబితే కంగారుపడతావని చెప్పలేదు."

ఆ మాత్రలు పొట్టని పాడుచేస్తాయని చెల్లెలికీ తెలుసు. "పోన్లే, మంచిపనే చేశావు. ఇప్పుడు తగ్గింది కదా?" అంది తేలిగ్గా.

అక్క గొంతు తగ్గించింది.

"అదేనే నాకూ అర్థం కావట్లేదు. మాత్ర వేసుకున్నన్నాళ్లూ ఎప్పుడో ఓసారి పడేది. మానేశాక రోజూ పడుతోంది."

చెల్లెలి చూపు మైక్రోస్కోపు కింద పెరగడం మానేసిన కణాల వైపు మళ్లింది.

"అక్కా, షాపు మూసెయ్యి. నేనొస్తున్నాను, ఆసుపత్రికి వెళ్దాం."

"ఇప్పటికిప్పుడా? ఏం కొంప మునిగిందే?" అంటూ అక్క నవ్వింది.

చెల్లెలు అప్పటికే మెట్లు దిగి పరుగెడుతోంది.