నిమిషమంటే ఎంతసేపు

నిమిషం దాటిపోయింది. మూడో తరగతిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

ముప్ఫై ఇద్దరు పిల్లలు కళ్లు మూసుకుని, తలలు బల్లలకు ఆనించి, కిమ్మనకుండా ఉన్నారు. నిమిషం అయిందనిపించగానే చెయ్యెత్తాలి, అంతే. తనిఖీకి వచ్చిన అధికారి తన చేతి గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనకాల హెడ్మాస్టరు. కిటికీ దగ్గర లెక్కల టీచరు.

అప్పటిదాకా పిల్లలు ఆమె పరువు నిలబెట్టారు. గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తి చూసి మూడు కిలోలుంటుందన్నారు. తూస్తే మూడుంపావు తూగింది. నల్లబల్ల పొడవు ఎనిమిది అడుగులన్నారు. టేపు పెడితే రెండంగుళాలే తేడా. అధికారి ముచ్చటపడిపోయాడు. అంచనాలు ఎలా నేర్పాలో మిగతా బడుల టీచర్లకు ఈమె చేతే చెప్పిస్తానన్నాడు. గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగి, కాలం సంగతి కూడా ఒకసారి చూద్దామని వెనక్కి వచ్చాడు.

రెండు నిమిషాలు. టీచరు చెవులు వేడెక్కాయి. నిద్రపోయారేమోనని ఒకడుగు ముందుకు వేసింది. ఎవరూ నిద్రపోలేదు. మూసిన రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. ఒకరిద్దరి పెదవుల మీద నవ్వు కూడా ఉంది, ఈ ఆటలో గెలుపు తమదేనన్నట్టు.

ఆమె మెల్లగా దగ్గింది. ఆ దగ్గుకి అర్థమేమిటో పిల్లలకి తెలియలేదుగానీ హెడ్మాస్టరుకి తెలిసింది. ఆయన ఆమె వంక ఒక్క చూపు చూసి, తల తిప్పుకున్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మూడు నిమిషాలు. వరండాలో ఎవరో నీళ్ల బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. అధికారి కళ్లద్దాలు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకున్నాడు. ఆయన జాలిపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచక, నల్లబల్ల మీద తను రాసిన పాఠం పేరు వంక చూస్తూ ఉండిపోయింది.

నాలుగో నిమిషం నడుస్తుండగా అధికారి ఇక చాలు, లేవమన్నాడు. పిల్లలు కళ్లు నులుముకుంటూ తలలెత్తారు. ఇంత తొందరగా ఎందుకు లేపారా అన్నట్టు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

టీచరు ఉండబట్టలేకపోయింది. గడియారం పాఠం రెండుసార్లు చెప్పానని, బుర్రలు ఎక్కడ పెట్టుకు వచ్చారని, పదిమందిలో తన పరువు తీశారని చివాట్లు పెట్టింది. తిడుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించింది, అయినా ఆపుకోలేకపోయింది. మొదటి బెంచీలో రెండు జడల పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అధికారి ఆ పిల్ల దగ్గరికి వెళ్లి వంగి, భయపడాల్సిందేమీ లేదన్నాడు. నిమిషమంటే ఎంతసేపో తెలుసా అని అడిగాడు. తెలుసంటూ తలూపింది.

"మరి చెయ్యెందుకు ఎత్తలేదమ్మా?"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, చెప్పనా వద్దా అన్నట్టు టీచరు వైపు చూసింది.

"చెప్పు," అంది టీచరు. "నా దగ్గర నేర్చుకున్నదే చెప్పు."

ఆ పిల్ల లేచి చేతులు కట్టుకుంది.

"ఫోను మోగితే మీరు 'ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా' అని బయటికి వెళ్తారు కదా టీచర్, మీరు తిరిగొచ్చేసరికి మేం రెండు పేజీల చూచిరాత రాసేస్తాం. ఇప్పుడింకా అర పేజీ కూడా అయ్యుండదు."