ఎనిమిది కొండలకు మేత

పెళ్ళయిన ముప్పై ఒకటో ఏట నీవెస్‌కి మొగుడి మీద కొత్తగా ప్రేమ పుట్టిందట. ఎదురింటి డెర్నా రొట్టెల కొట్లో చెప్పింది. రొట్టెల కొట్టు ఊరంతటికీ చెప్పింది. గురువారం నుంచీ ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదట. మూడు రోజుల్లో ముప్పై గుడ్లు పాస్తా పిండిలో కలిసిపోయాయట. డెర్నా పెంకులు ఏరి లెక్కపెట్టిందో, కోళ్ళనే అడిగిందో తెలీదు.

కారణం మాత్రం అందరికీ తెలుసు. ఆదివారం ఎనిమిది కొండల సైకిల్ పందెం. రెండు వందల కిలోమీటర్లు. ఇటలీలో మా రొమాన్యా వైపు సైకిల్ తొక్కని మగాడికి ఓటుంటుంది గానీ మాట ఉండదు.

నీవెస్ మొగుడు ఓరియానోకి యాభై తొమ్మిదేళ్ళు. సొంత సైకిళ్ళ కొట్టు. అయినా మూడేళ్ళుగా ఆ పందెం పూర్తి చెయ్యలేకపోతున్నాడు. ప్రతిసారీ ఐదో కొండ మీద దీపం ఆరిపోతుంది. తిన్నదంతా కరిగిపోయి, కాళ్ళు కదలక, కళ్ళు బైర్లు కమ్మితే మావాళ్ళు అలాగే అంటారు. ఐదో కొండ దిగితే దారి మళ్ళీ మా ఊళ్ళోంచే. మిగతావాళ్ళు ఆరో కొండకేసి తిరిగితే ఓరియానో ఇంటికేసి తిరిగేవాడు. పన్నెండున్నరకల్లా సోఫాలో ఉండేవాడు.

"కొట్టు బోర్డు మీద 'ఐదు కొండల దాకా గ్యారంటీ' అని రాయించరా," అని వాల్టర్ బార్‌లో ఏడిపించేవాళ్ళు. కొనేవాళ్ళు కూడా తగ్గారు. ఈసారీ వెనక్కొస్తే కొట్టు మూసేస్తానని ఓరియానో ఒట్టేశాడు.

ఇదివరకు పందెం ముందు రోజు సాసేజీలూ కుందేలు వేపుడూ తినేవాడు. ఈ ఏడాది నీవెస్ అవన్నీ ఆపేసింది. కొవ్వు కడుపులో కూర్చుంటుంది గానీ కాళ్ళలోకి దిగదంది. లైబ్రరీకి వెళ్ళి పుస్తకాలు తిరగేసి లెక్క రాసుకొచ్చింది. కిలో ఒంటికి పది గ్రాముల పిండిపదార్థం. మొగుడు డెబ్బై రెండు కిలోలు. రోజుకి ఏడువందల ఇరవై గ్రాములు, ఒక్కటి తగ్గడానికి వీల్లేదు. పొద్దున జామ్ రాసిన రొట్టె, మధ్యాహ్నం పాస్తా, మధ్యలో ఉడికించిన బంగాళాదుంపలు, సాయంత్రం అన్నం. ఆకుకూరలు బంద్, చిక్కుళ్ళు బంద్. మీటరు పొడుగు కర్రతో పిండి ఒత్తీ ఒత్తీ మోచేతికి కట్టు పడింది.

ఓరియానో తినేవాడు. ప్లేటు చూసేవాడు, తూకం చూసేవాడు. వండినావిడ మొహం చూసేవాడు కాదు. అదేం కొత్త కాదు. వాళ్ళ మేడమెట్లు కొట్లోంచే దిగుతాయి. నీవెస్ ఎప్పుడు దిగినా "ఎక్కడికి?" అంటాడు. జవాబు వినడు గానీ, జవాబు చెప్పేదాకా దారివ్వడు. ఆదివారాలు సైకిలెక్కినా రెండు గంటల్లో వచ్చి కూర్చుంటాడు.

శనివారం సాయంత్రం నాలుగో ప్లేటు దగ్గర చేతులెత్తేశాడు.

"చాలే తల్లీ. నన్ను పందేనికి పంపుతున్నావా, సంతలో అమ్ముతున్నావా?"

"ఇంక మూడు ముద్దలే. ఎనిమిదో కొండ వాటిల్లోనే ఉంది," అని నీవెస్ ఫోర్కు చేతికిచ్చింది.

డెర్నా కిటికీలోంచి చూసి కళ్ళొత్తుకుందట.

పందెం రోజు తెల్లారకముందే తేనె కలిపిన అన్నం పెట్టింది. జేబుల్లో వేలెడేసి అన్నం బిళ్ళలు, ఎండు అంజూరాలు కుక్కింది. ముప్పావుగంటకోసారి మోగేలా మొగుడి చేతి గడియారానికి గంట పెట్టింది. ఆకలేసేదాకా ఆగొద్దు, ఆకలేసిందంటే అయిపోయినట్టే అని గుమ్మం దాటేలోపు నాలుగుసార్లు చెప్పింది.

పదకొండింటికి వాల్టర్ బార్‌కి వచ్చింది. ఎవరు ఏ కొండ దాటారో అక్కడ టీవీలో పడుతుంది. ముందున్న కాఫీ చల్లారిపోయింది. మూడో కొండ. నాలుగో కొండ. పన్నెండుంబావుకి ఐదోది. బార్ మొత్తం వీధిలోకొచ్చి నిలబడింది. నీవెస్ మాత్రం గుమ్మం పట్టుకుని అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తురు లేదు.

ఓరియానో వచ్చాడు. దారి చీలేచోట వేగం తగ్గించాడు. ఇంటివైపు చూశాడు. అప్పుడే చేతి గడియారం మోగింది. జేబులోంచి అన్నం బిళ్ళ తీసి నోట్లో వేసుకుని ఆరో కొండకేసి తిరిగాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నీవెస్ కుర్చీలో కూలబడి ఏడ్చింది. తర్వాత ఒక గ్లాసు వైన్ అడిగి, ఒక్క గుక్కలో తాగి ఇంటికెళ్ళింది.

రెండింటికి మళ్ళీ వచ్చేసరికి మనిషి మారిపోయింది. మంచి కోటు, ఎర్ర బూట్లు, పెదాలకి రంగు. ముగింపు గీత దగ్గర మొగుడికి ఎదురెళ్ళడానికి సింగారించుకుందని అందరూ మురిసిపోయారు. ఎక్కడున్నాడని వాల్టర్‌ని అడిగింది. ఏడో కొండ ఎక్కుతున్నాడు, ఇంక ఆపేవాడు లేడు, నాలుగున్నరకి గీత దాటేస్తాడన్నాడు వాల్టర్. నీవెస్ తలూపింది.

డెర్నా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మాలో ఎవరం మొగుళ్ళకి ఇంత చేశామే? ఇన్నాళ్ళూ లేనిది, ఈ ఏడాదే ఇంత పట్టెందుకు పట్టావు?"

నీవెస్ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"మూడేళ్ళుగా నేను పెట్టె సగం సర్దేసరికే ఇంటికొచ్చేస్తున్నాడు డెర్నా, ఈసారి నా రైలు కదిలేదాకా రాకూడదని."